చిట్టా కాగితం, తుమ్మబంక, లక్క: ఏడేళ్లు చేతి కవర్లు చేశాక

ఏడేళ్లలో నేను చేత్తో చేసి పోస్టులో వేసిన కవర్లు రెండు వందల పద్దెనిమిది. ఏ కాగితం, ఏ జిగురు, ఎంత బరువు, ఎప్పుడు వేశాను, అవతల ఎలా అందింది, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. తొమ్మిది అసలు చేరలేదు. ముప్పై దాకా ఏదో ఒక దెబ్బ తగిలి చేరాయి. మిగిలినవన్నీ చక్కగా చేరాయి. ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను. పాత కాగితాలతో, పాత స్టాంపులతో, లక్కతో అందమైన ఉత్తరాలు చేయాలని చాలామందికి ఉంటుంది. చేయడం కష్టం కాదు. అది పోస్టులో బతికి బట్టకట్టి, పదేళ్ల తర్వాత కూడా చదవడానికి మిగలాలి. నా సమీక్ష అంతా ఆ లెక్కన చేసిందే.

నాకు ఈ పట్టుదల వచ్చింది తుపాను వల్ల. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మా అత్తవారి ఊరు సోంపేట వైపు. పెంకులు లేచిపోయి అటక మీది ట్రంకు పెట్టె నిండా నీళ్లు చేరాయి. దారి తెరిచాక మేం శ్రీకాకుళం నుంచి వెళ్లేసరికి కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు పడి ఉన్నాయి, కరెంటు లేదు, ఫోను లేదు. ఆ పెట్టెలో మూడు తరాల ఉత్తరాలు ఉన్నాయి. అందులో మా మావయ్యగారి తండ్రి రంగం నుంచి, అంటే బర్మాలోని రంగూన్ నుంచి, రాసినవి కూడా. బట్టల తాడు మీద ఒక్కో కాగితం ఆరేస్తూ ఉంటే, తేడా కళ్లకు కట్టింది. మామూలు నీలం సిరాతో రాసినవాటిలో అక్షరం మిగల్లేదు, లేత నీలం మరక తప్ప. పెన్సిలుతో, బాల్‌పెన్నుతో రాసినవి నిలిచాయి. అన్నిటికంటే పాతవి, రంగం నుంచి నల్లసిరాతో వచ్చినవి, నిన్న రాసినట్టు ఉన్నాయి. పూర్వం మాచికాయ, అన్నభేది కలిపి చేసే సిరా అది. గాలి తగిలేకొద్దీ నల్లబడి కాగితం నారలోకి దిగిపోతుంది, నీళ్లకు కదలదు.

అందుకని నా మొదటి మాట సిరా గురించే. కవరు మీద చిరునామా నీళ్లకు కరగని దానితోనే రాయండి. లోపల ఉత్తరం మీ ఇష్టం. నేను మా నాన్న రాజమండ్రిలో కొన్న రత్నం పెన్నుతో రాస్తాను. ఎబొనైటు అనే గట్టి రబ్బరు కడ్డీని చేత్తో చిత్రిక పట్టి చేసిన పెన్ను, డ్రాపరుతో సిరా పోసుకునేది. దాని పాళీ సాగే తీరుకి నా చేతిరాతే మారిపోయింది. కానీ చిరునామాకు మాత్రం బాల్‌పెన్నే. జూలైలో పోస్టుమాన్ సంచి తడవకుండా ఎలా ఉంటుంది?

ఇక కాగితం. పాతవి ఎన్నో వాడి చూశాను. పంచాంగాల కాగితం గరుకుగా, ముచ్చటగా ఉంటుంది గాని సిరా పెడితే పాకుతుంది. పల్చటి గంజి బ్రష్షుతో పూసి, ఆరబెట్టి, పైన గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే కొంత ఆగుతుంది. పాత వార్తాపత్రికలు అసలు వద్దు. చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితం అది, ఎండకు పచ్చబడి, పెళుసుబారి, పక్కనున్న మంచి కాగితానికి కూడా ఆ మరక అంటిస్తుంది. నా మొదటి ఏడాది కవర్లకు లోపల అస్తరుగా వార్తాపత్రిక వేశాను. భిలాయ్‌లో ఉన్న మా అప్ప అవన్నీ దాచింది. మొన్న వెళ్లినప్పుడు తీసి చూస్తే ఉత్తరాల మీద గోధుమరంగు చారలు.

వీటన్నిటిలో నాకు దొరికిన బంగారం పద్దుల పుస్తకం. విజయనగరంలో గంటస్తంభం దగ్గర మూతపడిన ఒక బట్టల కొట్టు సామాను తూకానికి అమ్మేస్తుంటే మూడు చిట్టాలు కిలో నలభై రూపాయల చొప్పున తెచ్చుకున్నాను. ఎర్రగుడ్డ బైండు, అడుగున్నర పొడవు. వెనక సగం పేజీలు ఖాళీ. చిట్టా కాగితం అప్పట్లో సిరాపెన్నుతో రోజూ రాయడానికే తయారుచేసింది కాబట్టి ఎంత సిరా పెట్టినా పాకదు, అవతలి వైపుకు దిగదు. లేత మీగడ రంగు, ఎర్ర నిలువుగీతలు, మడతపెడితే చప్పుడు కూడా వేరు. ఆ గీతలే అలంకారం, ఇంకేమీ అంటించనక్కర్లేదు.

రాసిన పేజీల గురించి ఒక మాట చెప్పాలి. మొదట్లో ఆ చేతిరాత అందం చూసి, రాసిన పేజీలతోనే కవర్లు చేద్దామనుకున్నాను. ఒకటి కత్తిరించబోతూ చదివాను. మనిషి పేరు, ఊరి పేరు, 'పాతబాకీ' అని, పక్కన అంకె. కూతురి పెళ్లికి బట్టలు పట్టుకెళ్లిన లెక్క అది. ఆ ఊరు నాకు తెలుసు. ఆ కుటుంబం ఇప్పటికీ అక్కడే ఉండొచ్చు. కత్తెర పక్కన పెట్టేశాను. అప్పటినుంచి పేర్లున్న పేజీ బయటికి పంపను. 'నేత పంచెలు, 12 జతలు' లాంటి సరుకు లెక్కలుంటే అస్తరుగా వేస్తాను. పాత సామాను కొట్లో కొన్నంత మాత్రాన అందులోని మనుషులు మన సొత్తు అయిపోరు. దస్తావేజులు, జాతకాలు, పాత స్టాంపు పేపర్లు కూడా అంతే, ముట్టుకోను.

రంగం ఉత్తరాలనూ కత్తిరించలేదు. 1937లో బర్మాను ఇండియా నుంచి విడదీశాక కొన్నాళ్లు మన స్టాంపుల మీదే 'బర్మా' అని అచ్చేసి అక్కడ వాడారు. అలాంటి స్టాంపున్న కవరు ఒకటి మా పెట్టెలో ఉంది, జార్జి రాజు బొమ్మ మీద ఇంగ్లీషు అక్షరాలు కాస్త వంకరగా. దాన్ని స్కాన్ చేసి, ఆ బొమ్మ అచ్చు తీసుకుని వాడుతున్నాను. అసలుది పెట్టెలోనే ఉంది.

కొనేముందు చిన్న పరీక్ష: పేజీ మూల ముందుకీ వెనక్కీ రెండుసార్లు మడవండి. తెగిపోతే ఆ కాగితం కవరుకు పనికిరాదు, పైన అంటించే ముక్కలకే. కాగితానికి కూడా నార వాటం ఉంటుంది. ఒకవైపు మెత్తగా వంగుతుంది, రెండోవైపు మొరాయిస్తుంది. పెద్ద మడత మెత్తగా వంగే వైపు రావాలి. మడత రుద్దడానికి స్టీలు గరిటె వెనకభాగం చాలు. కొలతకు ఏ4 కాగితాన్ని సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ మధ్యకు మడిస్తే సరిపోయే కవరు, అంటే 114 మిల్లీమీటర్లు, 162 మిల్లీమీటర్లు. చొక్కాల అట్టపెట్టె ముక్కతో ఒక అచ్చు కత్తిరించి పెట్టుకున్నాను, ఏడేళ్లుగా అదే.

కాగితాన్ని పాతగా కనిపించేలా చేయడం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. టీ డికాక్షన్‌లో ముంచడం, అంచులు కొవ్వొత్తి మీద కాల్చడం వీడియోల్లో బాగా చూపిస్తారు. నేనూ ఒకసారి కాల్చాను. మా ఆడపడుచు శ్రీమంతానికి పిలుస్తూ, చుట్టూ గోధుమరంగు అంచు వచ్చేలా ఎంతో ఓపికగా చేసి, బల్ల మీద ఆరబెట్టాను. మా అత్తయ్య వచ్చి చూసి అక్కడే నిలబడిపోయారు. "ఏటమ్మా ఇది? ఎవరు పోయారు?" అన్నారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు, వాళ్ల రోజుల్లో చావు కబురు కార్డుకు మూల నల్లగా ఉండేదట, చదివిన వెంటనే చింపేసేవారట, ఇంట్లోకి తెచ్చేవారు కాదట. పోస్టుమాన్ చేతిలో అలాంటి కార్డు చూస్తే చదవకముందే ఏడుపు మొదలయ్యేదట. ఆవిడ గొంతు వణికింది. ఆ ఉత్తరాన్ని ఆవిడ ముందే పక్కన పెట్టేసి, ఇంకోటి రాశాను. ఈసారి నాలుగు మూలలా పసుపు ఆవిడే రాశారు. పసుపు ఎండకు వెలిసిపోతుంది గాని కవరు లోపల ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, వాసన కూడా కొంత. మన దగ్గర ఉత్తరానికి అలంకారం ఎప్పుడో ఉంది. కాలిన అంచు మన ఇళ్లలో వేరే కబురు చెబుతుంది.

జిగురు దగ్గర నా తప్పులు ఎక్కువ. సీసాల్లో వచ్చే తెల్ల గమ్ము పాత కాగితాన్ని నానబెట్టి ముడతలు పెడుతుంది. సెల్లోటేపు కొన్నేళ్లకు పచ్చబడి ఊడిపోతుంది, మరక మాత్రం పోదు. మైదా జిగురు మంచిది: చెంచా మైదాకు ఐదు చెంచాల నీళ్లు, సన్నటి సెగ మీద కలుపుతూ ఉంటే తెల్లదనం పోయి అద్దంలా మెరుస్తుంది, అప్పుడు దింపాలి. బైండింగు చేసేవాళ్లు పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు. నేనూ అస్తరు అంటించడానికి అలాగే చేస్తాను, చేతికి గ్లౌజు వేసుకుని. కానీ కవరు మూతకు మాత్రం అది వద్దు, వద్దు. మైలుతుత్తం విషం. మూతను నాలుకతో తడిపేవాళ్లు ఇంకా ఉన్నారు.

మూతకు తుమ్మబంకే. రాత్రి గోరువెచ్చటి నీళ్లలో నానేసి, పొద్దున్నే పల్చటి గుడ్డలో వడగడితే తేనెరంగు ద్రవం వస్తుంది. బ్రష్షుతో పూసి ఆరబెడితే, తర్వాత తడి చేసినప్పుడల్లా అంటుకుంటుంది. ఎండాకాలం ఆ పూత బీటలు వారుతుంది కాబట్టి రెండు మూడు చుక్కలు గ్లిజరిన్ కలుపుతాను. వానాకాలం ఇంకో తంటా. రెండో ఏడాది జూలైలో దొంతరగా పెట్టిన పదకొండు కవర్లు గాలిలో చెమ్మకే అంటుకుని ఇటుకలా అయిపోయాయి. నాలుగు రోజుల పని. ఇప్పుడు మధ్యలో నూనె కాగితం పెడతాను, బియ్యం మూటతో పాటు డబ్బాలో ఉంచుతాను.

లక్క గురించి అందరూ అడుగుతారు. అందం దానిదే, తలనొప్పీ దానిదే. ముద్రకు నేను వాడేది తామరపువ్వు బొమ్మ ఉన్న పాత 20 పైసల నాణెం, పసుపురంగుది. వేడి లక్క మీద నొక్కేముందు నాణేన్ని ఐసు ముక్క మీద పెట్టి, తుడిచి నొక్కితే అంటుకోదు. పువ్వు రేకులు ఒక్కోటీ లెక్కపెట్టేలా వస్తాయి. అయితే కవరు బయట వేస్తే, తేదీ ముద్ర దెబ్బకో, మూటల బరువుకో పెళుసుగా పగిలిపోతుంది. నా లెక్కలో బయట లక్క వేసిన ఇరవై రెండింటిలో పధ్నాలుగు ముక్కలై చేరాయి. మూడేళ్లుగా లక్క లోపలే వేస్తున్నాను. ఉత్తరాన్ని మడిచి, గోగునార దారంతో ఒక చుట్టు చుట్టి, ముడి మీద లక్క. కవరు చింపాక అది కనిపించినప్పుడు మా అప్పకు ఎలా ఉంటుందో ఫోనులో దాని గొంతులోనే తెలుస్తుంది.

గోగునార మన జిల్లాల పంటే, ఎంత తక్కువ ధరకైనా దొరుకుతుంది. నేరుగా రైతు ఇంట్లో తెచ్చుకున్న నారను తొడ మీద పేనుకుంటే, కొట్లో పురికొస కంటే సన్నగా వస్తుంది. పొందూరు ఖద్దరు అంచుముక్కలు కూడా వాడాను. వాలుగ చేప దవడతో పత్తి ఏకి వడికిన ఆ నూలు నున్నదనం వేళ్లకు తెలుస్తుంది. కాగితం మీద అంటిస్తే పొంగు లేకుండా కూర్చుంటుంది. జరీ అంచులు మాత్రం మానేశాను, కాగితాన్ని కోస్తాయి.

పాత స్టాంపుల విషయం జాగ్రత్త. ముద్ర పడిన స్టాంపును మళ్లీ తపాలాకు వాడటం నేరం. అలంకారానికే అయినా కవరు మీద అంటిస్తే కౌంటరులో అనుమానం వస్తుంది, రావాలి కూడా. ముద్ర పడినవన్నీ ఉత్తరం లోపలికే. కవరు ముందువైపు చిరునామా, ఆరంకెల పిన్‌కోడు, కొత్త స్టాంపు, అంతే. పిన్‌కోడు వచ్చింది 1972లో. పాత ఉత్తరాల మీద ఊరు, తాలూకా, జిల్లా అని ఎంత వివరంగా రాసేవారో చూస్తే, నాకు ఇప్పటికీ అలాగే రాయాలనిపిస్తుంది, రాస్తాను, కింద పిన్‌కోడు చేర్చి.

బరువు తప్పకుండా చూసుకోండి. ఐదు రూపాయల స్టాంపుకు 20 గ్రాముల వరకే. మామూలు 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) ఏ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు. రెండు కాగితాలు, కవరు కలిపితే 15 దాకా అయిపోతుంది. లక్క, దారం, ఖద్దరు ముక్క మిగిలిన 5 గ్రాముల్లో సర్దాలి. చిట్టా కాగితం మందం కాబట్టి నేను ఒక్క పేజీకి మించి పెట్టను. స్టాంపు తక్కువైతే తగ్గిన మొత్తానికి రెట్టింపు అందుకున్నవాళ్ల దగ్గర వసూలు చేస్తారు. మా మేనత్త ఒకసారి అలా కట్టింది, నాకు చెప్పలేదు, కవరు మీది ముద్ర చూసి తర్వాత తెలిసింది. ఆ వారమే చిన్న డిజిటల్ కాటా కొన్నాను. మరీ ముఖ్యమైనవి ఇదివరకు రిజిస్టర్డ్ పోస్టులో పంపేదాన్ని. 2025 సెప్టెంబరు 1 నుంచి దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు, ఇప్పుడు అందులోనే పంపుతున్నాను.

దాచుకునేవాళ్ల కోసం ఒకటి: అందుకున్న ఉత్తరాలను ప్లాస్టిక్ కవర్లలో మూసిపెట్టకండి, మన తీరంలో చెమ్మ లోపలే ఆగి బూజు పడుతుంది. గుడ్డసంచిలో, ఎండిన వేపాకుతో, నేలకు ఎత్తుగా. మా ట్రంకు పెట్టె ఇప్పుడు అటక మీద లేదు, గోడ బీరువాలో పై అరలో ఉంది.

మూడు చిట్టాల్లో రెండు అయిపోయాయి. మూడో దానిలో నిన్న లెక్కపెట్టాను, ఖాళీవి నలభై ఒక్క పేజీలు. సంక్రాంతికి మా అత్తయ్య తన చెల్లెలికి స్వయంగా రాస్తానన్నారు, ఎర్ర గీతలు బాగా కనిపించే పేజీ తీసి ఉంచమన్నారు. తీసి ఉంచాను.