బాత్‌రూమ్ సక్షన్ హ్యాండిల్: కమోడ్ పక్కన పెట్టకండి

అమ్మ ఎక్కడ పడిపోతుందోనని పిల్లలు మొదట ఆర్డర్ పెట్టేది దీన్నే. రెండు రబ్బరు కప్పులు, మధ్యలో ప్లాస్టిక్ పిడి, నొక్కితే బిగుసుకునే రెండు మీటలు. గోడకు రంధ్రం పెట్టక్కర్లేదు, అద్దె ఇల్లైనా ఓనరు ఏమీ అనడు. మేం దీనికి 5కి 2 మార్కులే ఇస్తున్నాం.

కప్పు పట్టు నిలిచేది లోపలికి గాలి చొరనంతసేపే. నున్నటి టైల్ నడిమధ్య అతికిస్తే బాగానే ఉంటుంది. అంచు టైల్స్ సందు మీదికొచ్చినా, టైల్ గరుకుగా ఉన్నా నిలవదు. హైదరాబాద్‌లో బోరు నీళ్ల బెడద ఒకటి. టైల్ మీద తెల్లటి ఉప్పు పొర కడుతుంది, తడిమితే సన్నటి ఇసుకలా వేళ్లకు తగులుతుంది. దాని మీద రాత్రి గట్టిగా అంటుకున్న కప్పు తెల్లారేసరికి వదులైపోవచ్చు. వెనిగర్‌తో పొర తీసి, కడిగి, పూర్తిగా ఆరాక అతికించాలి. పట్టుకునే ముందు ప్రతిసారీ లాగి చూడాలి. మోకాళ్ల నొప్పులతో తెల్లవారుజామున లేచే 75 ఏళ్ల మనిషి ఇదంతా ఎక్కడ చేస్తుంది?

కొనేముందు అమ్మ కాళ్లలో బలమెంతుందో చూడండి. చేతులు లేని, కూర్చునే చోటు 17 అంగుళాల ఎత్తున్న కుర్చీని గోడకు ఆనించి, అందులో ఆవిడను కూర్చోబెట్టండి. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు నిటారుగా లేచి కూర్చుంటుందో లెక్కపెట్టండి. మీరు పక్కనే ఉండాలి. 70–79 ఏళ్ల ఆడవాళ్లకు 10 కంటే, 80–84 వాళ్లకు 9 కంటే తగ్గితే పడే ముప్పు ఎక్కువ. చేతులు ఆనిస్తే తప్ప లేవలేకపోతే లెక్క సున్నా. అలాంటావిడ కమోడ్ మీంచి లేచేటప్పుడు ఒళ్లంతా హ్యాండిల్ మీదే వేస్తుంది. ఆ లాగుడు కూడా కప్పు గోడనుంచి ఊడొచ్చే దిక్కుకే. ముట్లుడిగాక ఎముకలు పలచబడిన వయసులో తుంటి విరగడానికి ఒక్క జారుడు చాలు.

గోడకు స్క్రూలతో బిగించే స్టీల్ గ్రాబ్ బార్ (పట్టుకుని లేచే రాడ్) తీసుకోండి. రాణిగంజ్, ట్రూప్ బజార్ శానిటరీ షాపుల్లో అడగండి. తుప్పు పట్టని 304 గ్రేడ్ స్టీల్, 32–38 మిల్లీమీటర్ల లావు, గోడకూ రాడ్‌కూ మధ్య ఒకటిన్నర అంగుళాల సందు. అంతకు తగ్గితే గాజుల చెయ్యి సరిగా దూరదు. టవల్ రాడ్‌ను మాత్రం ఎవరూ నమ్ముకోవద్దు. అమెరికా ప్రమాణాల్లో ఎత్తు నేలనుంచి 33–36 అంగుళాలు, తట్టుకోవాల్సిన బరువు 113 కిలోలు. మనవాళ్లలో పొట్టివాళ్లకు ఆ ఎత్తు అందకపోవచ్చు. ఆవిడనే కమోడ్ మీద కూర్చోబెట్టి, చెయ్యి సులువుగా ఆనిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.

అసలు తేడా వచ్చేది బిగింపులో. టైల్ దాటేదాకా డ్రిల్‌లో హ్యామర్ మోడ్ (సుత్తిలా కొట్టే పద్ధతి) ఆపకపోతే టైల్ చిట్లుతుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో చాలా గోడలు తేలికపాటి సిమెంట్ బ్లాకులవి. స్క్రూ పట్టడానికి రంధ్రంలో దూర్చే మామూలు ప్లాస్టిక్ ప్లగ్ వాటిలో నిలవదు, పొడి రాలుస్తూ బయటికొచ్చేస్తుంది. ఆ బ్లాకులకని అమ్మే యాంకర్లే అడగండి, లేదంటే అవతలి వైపుదాకా బోల్టు వేయించండి. నీళ్లు దిగకుండా రంధ్రాల్లో సిలికాన్ పెట్టించండి. చివర్లో మీరే బరువంతా వేసి లాగి చూశాకే ప్లంబర్‌కు డబ్బులివ్వండి.

సక్షన్ హ్యాండిల్ ఇప్పటికే కొనుంటే కమోడ్ పక్కనుంచి ఈరోజే తీసేయండి. కాళ్లలో బలమున్నవాళ్లకు బాత్‌రూమ్ గడప దాటేటప్పుడు కాస్త చేతి ఆసరాగా పనికొస్తుంది, అదీ లాగి చూశాకే.