కర్నూలు నుంచి కడపకు సైకిళ్ల మీద

కొలిమిగుండ్ల ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లు ఉందనగా మా మాస్టారి సైకిల్ చైన్ పుటుక్కున తెగింది. సంక్రాంతి వెళ్లిన వారం. చలికాలమే గానీ మా సీమలో మధ్యాహ్నం పన్నెండుకి ఎండ ఎండే. పంచర్ కిట్టు, రెండు ట్యూబులు, పంపు అన్నీ ఉన్నాయి. చైన్ పిన్ను తీసే పనిముట్టు ఒక్కటే కర్నూల్లో ఉండిపోయింది. తప్పు నాది, సామాన్లు సర్దింది నేనే.

అక్కడ రోడ్డు పక్కన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలు. రాతిపొడికి కంపచెట్లు కూడా తెల్లగా అయిపోయి ఉన్నాయి. సైకిల్ తిరగేసి చూస్తుంటే లోపలి నుంచి ఒకాయన కేకేశాడు: "ఏమైందప్పా? ముందు నీడకు రాండి."

చేతులు, కనుబొమ్మలు, అంతా పొడి. చైన్ తీసుకుని ఒక్కో లంకె వేలితో తిప్పి చూశాడు. ఒక రాయి ముక్కకి డ్రిల్లుతో చిన్న బొక్క వేశాడు. ఒక మేకు మొన అరగదీసి మొద్దు చేశాడు. చైన్‌ను ఆ రాయి మీద పెట్టి, మేకు ఆనించి, సుత్తితో మెల్లగా కొడితే పిన్ను బొక్కలోకి దిగడం మొదలైంది. పూర్తిగా రానివ్వలేదు. "బయటికొస్తే మళ్లా ఎక్కించేది కష్టం" అన్నాడు. పాడైన లంకెలు తీసేసి, కొసలు కలిపి, అటువైపు నుంచి కొట్టాడు. బిగుసుకుపోయిన చోట రెండు చేతులా పట్టుకుని, వదులయ్యేదాకా అటూ ఇటూ వంచుతూనే ఉన్నాడు.

గంట పట్టింది. ఆ గంటా ఆయన మిషను ఆగే ఉంది. అక్కడ కూలి రోజుకింతని కాదు, కోసిన రాయి లెక్కన అని పక్కన పనిచేసే కుర్రాడు చెబితే గానీ మాకు తెలియలేదు. డబ్బులివ్వబోతే ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "బెలుం గుహలు చూసి పోండి, బాగుంటాది" అన్నాడంతే.

మేం నలుగురం, నాలుగు రోజుల ప్రయాణం. ఓర్వకల్లు, పాణ్యం, బనగానపల్లె, యాగంటి, అవుకు, బెలుం, జమ్మలమడుగు, గండికోట, ప్రొద్దుటూరు, కడప. 2022లో జిల్లాలు విడదీశాక ఇందులో చాలా దారి నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ, మా నోట మాత్రం ఇంకా కర్నూలు జిల్లానే.

పాణ్యం దాకా హైవే. రోడ్డు నున్నగా ఉంటుంది, కానీ లారీ పక్కన పోయినప్పుడు ఆ గాలికే హ్యాండిల్ ఊగుతుంది. సైకిల్ వాళ్లకి నా సలహా, చీకటి విడిచీ విడవకముందే బయల్దేరి ఈ ముక్క దాటేయండి. ఓర్వకల్లులో ఉగ్గాని బజ్జీ తిని రాళ్లవనం చూశాం. ఎండెక్కితే ఆ బండల మీద నడవలేం. బనగానపల్లె వైపు తిరిగాక ప్రాణం తెరిపిన పడింది.

యాగంటిలో సత్రం గది ఆరు వందలు. వేడినీళ్లు లేవు, కానీ శుభ్రంగా ఉంది, సైకిళ్లు వరండాలో పెట్టుకోనిచ్చారు. నంది నోట్లోంచి నీళ్లు పడే ఆ కోనేరు దగ్గర కూర్చుంటే కాళ్ల నొప్పులు సగం పోయాయి. కోతులతో మాత్రం జాగ్రత్త. అగస్త్యుడి శాపం వల్ల అక్కడ కాకులు వాలవంటారు గానీ, కోతులకి ఏ శాపమూ లేదు, మా అరటిపండ్లన్నీ పట్టుకుపోయాయి.

రెండో రోజు పొద్దున అవుకు దారిలో నల్లరేగడి చేలు, ఎటు చూసినా శనగ. నా చక్రంలో కంపముల్లు దిగితే గట్టున కూర్చుని ట్యూబు మారుస్తున్నాను. ఒక అవ్వ చేలోంచి వచ్చింది. ఎవరని అడగలేదు, యాడికని అడగలేదు. "తిన్యారా నాయనా?" అంది. కాయల్తో ఉన్న శనగ మొక్కలు నాలుగు పీకి, వేర్ల మట్టి దులిపి మా చేతిలో పెట్టింది. మంచుకి తడిసిన ఆకు ముట్టుకుంటే వేలికి పులుపు అంటుకుంటుంది. కాయ నొక్కితే టప్పున పగిలి లోపల ఒకటో రెండో పచ్చి గింజలు. చిన్నప్పుడు మా తాత ఊళ్లో తిన్నాను, మళ్లీ అప్పుడే. ఆ మధ్యాహ్నమే చైన్ తెగింది.

బెలుం గుహలు తప్పకుండా చూడాల్సినవి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో కిలోమీటరున్నర దాకా మనం నడవొచ్చు. లోపల ఉక్కపోత ఎక్కువ. సైకిల్ తొక్కి వచ్చిన వెంటనే దిగొద్దు, అరగంట కూర్చుని, నీళ్లు తాగి వెళ్లండి. గుహల్లో అన్నిటికన్నా లోతున ఉండే పాతాళగంగ దాకా దిగి వచ్చేసరికి మా చొక్కాలు పిండుకోవాల్సి వచ్చింది.

మూడో రోజు సాయంత్రం గండికోట. ముందే ఫోన్లో మాట్లాడుకున్న టెంట్లు. ఫోన్లో చెప్పిన రేటు ఒకటి, వెళ్లాక అడిగింది దానికి రెట్టింపు. దుప్పట్లు చూస్తే తడి. మాకు టెన్షన్ పట్టుకుంది, జమ్మలమడుగుకి తిరిగి పోవాలంటే చీకట్లో పదిహేను కిలోమీటర్లు. కోట లోపలే చిన్న ఊరుంది. అక్కడ టీ అమ్మే ఒకక్క మా మాటలు విని, "రేత్రిపూట యాడికి పోతారు? మా అరుగు మీద పండుకోండి" అంది. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) పెట్టింది. వాళ్లాయన రెండు బొంతలు తెచ్చి పరిచాడు. పొద్దున లెక్క అడిగితే నాలుగు టీలకే తీసుకుంది. సంగటికి డబ్బులేంది అని కోప్పడింది కూడా. ఊరికే రాలేక, వాళ్ల పాప చేతిలో కొంత పెట్టి వచ్చాం. అది సరైన పనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ పొద్దున ఎర్రమల కొండల్ని కోసుకుంటూ కింద పెన్న, ఎర్రటి బండల మీద తొలి ఎండ. మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం చూడటానికి కనీసం మూడు గంటలు పెట్టుకోండి.

ప్రొద్దుటూరు ట్రాఫిక్ కష్టమే. కడపలో కారం దోసె తిన్నాక ఆ కష్టం గుర్తులేదు. సైకిళ్లతో సహా తిరిగి రావడానికి బొలేరో మాట్లాడుకున్నాం, ఆరు వేలు అయింది.

మాస్టారు ఆ చైన్ ఇంకా మార్చలేదు. బనగానపల్లె మామిడికాయలు వచ్చే కాలానికి ఒక బుట్ట తీసుకుని కొలిమిగుండ్ల వెళ్లాలని అనుకున్నాం. ఆయన పేరు అడగడం మర్చిపోయాం. గేటు పక్కన విరిగిన రాళ్ల గుట్ట, దాని వెనక వేపచెట్టు, అదే గుర్తు.