ఊరు మారే ముందు వెదర్‌స్పార్క్: ఏది చూడాలి, ఎంతవరకు నమ్మాలి

ఉండటానికి కొత్త నగరం వెతుక్కునేవాళ్లు వాతావరణం దగ్గరికి వచ్చేసరికి రెండు అంకెలు చూసి వదిలేస్తారు: ఎండాకాలపు గరిష్ఠ ఉష్ణోగ్రత, ఏడాది మొత్తం వర్షపాతం. అక్కడ పదేళ్లు ఎలా గడుస్తాయో ఆ రెండూ చెప్పవు. ఏ నెలలో ఏ గంటకు ఎంత వేడి, ఎంత ఉక్క, ఎన్ని రోజులు ముసురు అన్నది ఒక్కచోట బొమ్మల్లో చూపించే ఉచిత వెబ్‌సైట్లలో వెదర్‌స్పార్క్‌ను మించింది మా ఎరుకలో లేదు. అయిదారు ఊళ్ల జాబితాను రెండుకు కుదించడానికి ఇది భేషైన పనిముట్టు. ఆ రెండింట్లో ఒకటి ఖాయం చేసుకోవడానికి మాత్రం ఇదొక్కటే చాలదు. దీని లెక్కలు ఎక్కడినుంచి వస్తాయో తెలిస్తే, ఎందుకు చాలదో అర్థమవుతుంది.

ముందు దీని అసలు బలం. తేమను ఇది శాతాల్లో కాకుండా డ్యూ పాయింట్‌తో, అంటే గాలిలోని ఆవిరి నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతతో చూపిస్తుంది. ఊరు మారేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే అంకె ఇంకొకటి లేదు. డ్యూ పాయింట్ 24 డిగ్రీల సెల్సియస్ ఉన్న గాలినే తీసుకోండి. తెల్లవారుజామున 26 డిగ్రీలున్నప్పుడు తేమ దాదాపు 89 శాతం. మధ్యాహ్నం 35 డిగ్రీలకు చేరేసరికి అదే గాలికి 53 శాతం. గాలిలోని నీటి ఆవిరి ఏమీ తగ్గలేదు, శాతం మాత్రమే పడిపోయింది. అందుకే 'సగటు తేమ 65 శాతం' అన్న మాట పట్టుకుని రెండు ఊళ్లను పోల్చడం వృథా. చెమట ఆరుతుందా లేదా అన్నది డ్యూ పాయింటే తేలుస్తుంది.

అమెరికా ఎడారి నగరం ఫీనిక్స్, దుబాయ్ పేజీలు పక్కపక్కన తెరిచి చూడండి. జులైలో రెండు నగరాల సగటు గరిష్ఠం 41 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. గరిష్ఠాల పట్టిక ఒక్కటే చూస్తే ఈ రెండింటికీ తేడా లేదనిపిస్తుంది. తేమ బొమ్మ దగ్గరికి వెళ్లండి. దుబాయ్ ఎండాకాలమంతా ఉక్కపోత రంగులతో నిండిపోయి కనిపిస్తుంది, ఫీనిక్స్‌లో ఆ రంగులు అంతగా ఉండవు. ఒకచోట నీడలోకి వెళ్తే ప్రాణం లేచొస్తుంది. ఇంకోచోట నీడ పట్టున కూర్చున్నా ఒళ్లు జిడ్డుగానే ఉంటుంది.

ఈ బొమ్మలో ఒక మెలిక ఉంది. డ్యూ పాయింట్ 13 డిగ్రీల లోపు ఉంటే పొడి, 13–16 హాయి, 16–18 తేమ, 18–21 ఉక్క, 21–24 తీవ్రమైన ఉక్క, 24 దాటితే భరించలేని ఉక్క అని సైట్ విభజిస్తుంది. పేజీలో కొట్టొచ్చినట్టు కనబడే ఉక్కపోత శాతం మాత్రం 18 దాటిన సమయాన్నంతా కలిపేసిన మొత్తం. కాబట్టి 19 డిగ్రీల దగ్గర ఆగే ఊరికీ 25కి ఎగబాకే ఊరికీ అదే శాతం రావచ్చు. ఆ మొత్తాన్ని వదిలేసి, బొమ్మలో 21 పైన ఉన్న రెండు రంగుల వెడల్పే కొలవండి. ఉష్ణమండలంలో పెరిగినవాళ్లకు 18–21 మధ్య పెద్ద ఇబ్బంది ఉండదు. చలి దేశంనుంచి వచ్చేవాళ్లకు అదే చిరాకు పుట్టిస్తుంది. పిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో 24 పైన ఉన్న వారాలను ప్రత్యేకంగా లెక్కపెట్టండి.

తర్వాత చూడాల్సింది రోజులో 24 గంటలనూ ఏడాదిలో 12 నెలలనూ కలిపి గీసిన రంగుల పటం. చాలామంది దీన్ని దాటేస్తారు. దాటేయకండి. రాత్రి 10నుంచి ఉదయం 6 వరకు ఉన్న భాగంమీద దృష్టి పెట్టండి. అక్కడ 18–24 డిగ్రీల 'హాయి' రంగు ఎన్ని నెలలు, 24–29 డిగ్రీల 'వెచ్చన' ఎన్ని నెలలు, 29 పైన ఎన్ని వారాలు? పగలు ఎంత మండినా రాత్రి చల్లబడే ఊళ్లో కిటికీలు తీసి పడుకోవచ్చు, గోడల్లో దాగిన వేడి తెల్లారేలోపు బయటికి పోతుంది. రాత్రి కూడా 29 దిగని చోట ఏసీ అర్ధరాత్రి ఆపే వీలుండదు. కరెంటు ఖర్చు పెరిగేదీ, నిద్ర చెడేదీ ఇక్కడే.

ఉష్ణోగ్రత బొమ్మలో సగటు గీత చుట్టూ రెండు పట్టీలుంటాయి. లోపలిదాంట్లో సగం రోజులు పడతాయి (25నుంచి 75 పర్సెంటైల్), బయటిదాంట్లో పదింటికి ఎనిమిది (10నుంచి 90). గీతను కాదు, బయటి పట్టీ పై అంచును చదవండి. దాన్ని దాటే రోజులు పదింటికి ఒకటి, అంటే నడి వేసవి నెలలో సుమారు మూడు. పట్టీ సన్నగా ఉంటే ఆ ఊరి వాతావరణం నిలకడైనది. వెడల్పుగా ఉంటే ఒకే నెలలో స్వెటరూ ఫ్యానూ రెండూ కావాలి.

ఇక లోపాలు. సగటు పేజీలన్నీ 1980 జనవరి 1నుంచి 2016 డిసెంబర్ 31 వరకు ఉన్న సమాచారంతో లెక్కగట్టినవి. ఆ కాలపు నడిమధ్య 1998లో పడుతుంది. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత దశాబ్దానికి సుమారు 0.2 డిగ్రీలు పెరుగుతోంది, నేలమీద ఇంకా వేగంగా. అంటే మీరు చూస్తున్నది ఒక తరం కిందటి ఊరు. వేసవి అంకెలన్నిటికీ కనీసం ఒక డిగ్రీ కలుపుకుని చదవడం మా పద్ధతి. ఇంకా మంచిది, అదే సైట్‌లో ఒక్కో సంవత్సరానికి ఉన్న చరిత్ర పేజీలు తెరవడం. పాత సగటు పట్టీల మీదే ఆ ఏడాది రోజువారీ ఉష్ణోగ్రతలు నిలువు గీతల్లా పడతాయి. గత అయిదేళ్ల వేసవి నెలలు వరసగా తీయండి. గీతలు ఏటా పై పట్టీని తన్నుకుని బయటికి వస్తుంటే, సగటు పేజీకి ఆ ఊరి విషయంలో కాలం చెల్లినట్టే.

రెండో లోపం చోటుది. ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ అంకెలు ఎక్కువగా విమానాశ్రయ కేంద్రాలవి. కేంద్రాలు లేనిచోట, మబ్బు, వర్షం, గాలి అంకెలకైతే అన్నిచోట్లా, నాసా వారి మెర్రా-2ను (గడిచిన వాతావరణాన్ని కంప్యూటర్‌లో గడులవారీగా తిరిగి లెక్కగట్టే నమూనా) ఆసరా చేసుకుంటారు. ఆ నమూనా గడి సుమారు 50 కి.మీ. వెడల్పు. సముద్రపు గాలి తగిలే సన్నటి తీరమూ, కొండ వెనకాలి పొడి లోయా ఒకే గడిలో పడిపోతే తేడా అంతా కలిసిపోతుంది. సాన్‌ఫ్రాన్సిస్కో తీరంలో జులై మధ్యాహ్నం 20 డిగ్రీల దగ్గర పొగమంచు ఉంటే, లోపలికి సుమారు 120 కి.మీ. దూరంలోని సాక్రమెంటోలో 33 దాటుతుంది. ఆ మార్పులో చాలా భాగం తొలి కొండల వరస దాటగానే వచ్చేస్తుంది. ఒకే నగరం పేరుతో ఉన్న రెండు పేటల మధ్య కూడా ఇలాంటి తేడా ఉండొచ్చు.

ఎత్తు తేడాకు సైట్ దిద్దుబాటు చేస్తుంది. ప్రామాణిక వాతావరణం లెక్కలో 1000 మీటర్లకు 6.5 డిగ్రీలు. 400 మీటర్ల ఎత్తు తేడాకు 2.6 డిగ్రీలు. పగటిపూట ఇది దాదాపు సరిపోతుంది. శీతాకాలపు ప్రశాంత రాత్రుల్లో మాత్రం తల్లకిందులవుతుంది: బరువైన చల్లగాలి జారి లోయలో నిలిచిపోతుంది, పైనున్న వాలు వెచ్చగా ఉంటుంది. లోయలో ఇల్లు చూస్తుంటే సైట్ చెప్పే చలికాలపు కనిష్ఠం కంటే అసలు ఉష్ణోగ్రత ఇంకా కిందికి పోవచ్చనే అనుకోండి.

ఈ అంకెలను సరిచూడటానికి నాసా వారి వాతావరణ సమాచార సైట్ 'పవర్'కు వెళ్తే పెద్దగా లాభం లేదు. దాని ఉష్ణోగ్రత, తేమ లెక్కలకూ మెర్రా-2యే ఆధారం. దాన్ని ఇటీవలి ఏళ్ల సమాచారం దించుకోవడానికి వాడండి. వేరే సాక్ష్యం కావాలంటే ఈఆర్ఏ-5 అనే ఇంకో నమూనా ఉంది: యూరప్ వారిది, 1940నుంచి, గడి సుమారు 31 కి.మీ. ఓపెన్-మీటియో సైట్‌లోని చారిత్రక విభాగంలో ఊరు ఎంచుకుని, గంటవారీ ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ టిక్ చేసి, గత పదేళ్ల ఫైలు దించుకోండి. స్ప్రెడ్‌షీట్‌లో కౌంట్‌ఇఫ్ (COUNTIF) సూత్రంతో డ్యూ పాయింట్ 24 దాటిన గంటలు లెక్కపెట్టి పదితో భాగిస్తే ఏడాదికి ఎన్ని గంటలో తేలుతుంది. రెండు ఊళ్లకూ ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే సగం వాదన అక్కడితో ముగుస్తుంది. అయితే ఈ నమూనాలు కాంక్రీటు మధ్య పుట్టే రాత్రి వేడిని పూర్తిగా పట్టుకోవు. నగరం నడిబొడ్డున ఉండబోతే కనిష్ఠాలను ఇంకాస్త పెంచి చదవాలి.

వర్షం విషయంలో మొత్తం మిల్లీమీటర్లకంటే తడి రోజుల గీతే ముఖ్యం. కనీసం 1 మి.మీ. కురిస్తేనే సైట్ దాన్ని తడి రోజంటుంది. ఏడాది మొత్తం చూస్తే సియాటిల్ కంటే న్యూయార్క్‌లో వాన ఎక్కువ. కానీ తడి రోజులు సియాటిల్‌లోనే ఎక్కువ, అవీ చాలావరకు చలికాలంలోనే. మబ్బు గీతను, పగటి నిడివిని దాని పక్కన పెట్టి చూస్తే నవంబర్‌నుంచి ఫిబ్రవరి దాకా మనసు ఎలా ఉంటుందో ఊహకు అందుతుంది. టూరిజం స్కోరును పట్టించుకోకండి, అది నాలుగు రోజులు తిరిగి వెళ్లేవాళ్లకు. గాలి అంకె 10 మీటర్ల ఎత్తులో గంట సగటు, ఈదురుగాలి దెబ్బ అందులో కనిపించదు.

గాలి కాలుష్యం, వరద, తుపాను, కార్చిచ్చు ఈ సగటు పేజీల్లో లేవు. వరద పటాన్ని స్థానిక ప్రభుత్వ కార్యాలయంలో, పీఎం 2.5 (గాలిలోని అతి సన్నటి ధూళి) గణాంకాలను ఆ పేటకు దగ్గరి కొలత కేంద్రంలో నెలలవారీగా చూడాలి. ఏడాది సగటు బాగున్నా చలికాలపు రెండు నెలలు ఊపిరాడని ఊళ్లు ఉన్నాయి.

తేమ బొమ్మలో ఉక్క శిఖరానికి చేరే వారం తేదీలు చూసుకోండి. చలి ఊరైతే కనిష్ఠ గీత అట్టడుగున ఉండే వారం. ఇల్లు మాట్లాడుకోవడానికి ఆ వారంలోనే వెళ్లి, చూడబోయే పేటలోనే రాత్రిళ్లు ఉండి, పడకగదిలో ఒక చిన్న థర్మామీటర్ పెట్టి తెల్లవారుజామున 4 గంటలకు ఎంతుందో రాసుకోండి.