బెంజ్ సర్కిల్ దగ్గర యోరుబా అంకెల క్లాసు: చేరొచ్చు

నైజీరియాలోని లాగోస్ నగరం వాళ్లతో రోజూ ఫోన్లో రేట్లు మాట్లాడే ఉద్యోగం నాది, అందుకే బెంజ్ సర్కిల్ దగ్గర ఓ ట్యూషన్ సెంటర్లో అక్కడి భాష యోరుబాలో లెక్కలు చెబుతున్నారంటే వెంటనే చేరిపోయాను. నేర్పేది నైజీరియా నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన అబ్బాయి, ఓపిక చాలా ఎక్కువ.

10 దాకా తేలికే. అసలు సంగతి 14 దాటాకే ఉంది: 15 అంటే 20కి 5 తక్కువ, 16 అంటే 20కి 4 తక్కువ, 19 దాకా ఇదే వరస. 30కి విడిగా పేరుంది, ఒగ్బొన్. 40 అంటే రెండు ఇరవైలు, 50 అంటే మూడు ఇరవైల్లోంచి 10 తీసేయాలి, ఇక 45 చెప్పాలంటే ఆ 50లోంచి మళ్లీ 5 తగ్గించాలి! ఆ అబ్బాయి చింతగింజలు ఇరవయ్యేసి కుప్పలు పోసి, ఒక్కోటీ వెనక్కి తీస్తూ చూపించాడు, అంతే, బుర్రకెక్కేసింది. ఎంత అందమైన లెక్కో.

లోటు ఒక్కటే. యోరుబాలో హెచ్చు, మధ్య, తగ్గు అని మూడు స్వర స్థాయిలున్నాయి, అవి మారితే అర్థమే మారిపోతుంది, కానీ జిరాక్స్ నోట్సులో ఆ గుర్తులే లేవు. క్లాసులో అడిగి రికార్డు చేసుకోండి, కాదనరు. సాయంత్రం ట్రాఫిక్ టెన్షన్ వద్దనుకుంటే పొద్దుటి బ్యాచే మేలు.