ముల్లు చెప్పని సంగతులు: పాత కారులో ఓబీడీ గేజ్‌తో నాలుగేళ్లు

నాది 2003 మోడల్ పెట్రోలు కారు. మీటరు రెండు లక్షల కిలోమీటర్లు దాటాక ఈ డిజిటల్ గేజ్ కొన్నాను. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో (కారు కంప్యూటరులోని వివరాలు బయటికి వచ్చే చోటు అది) వైరు పెట్టి, చిన్న తెరను డ్యాష్‌బోర్డు మీద అతికిస్తే పని అయిపోయింది. వైరు పెడళ్ల దగ్గర వేలాడకుండా క్లిప్పులతో పైకి కట్టడానికి మాత్రం అరగంట పట్టింది. ఆ అరగంట ఎవరూ మిగుల్చుకోవద్దు, బ్రేకు కింద వైరు చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

కొన్నది ఒక్క టెంపరేచర్ కోసమే. అంతకుముందు డ్యాష్‌బోర్డులో ముల్లు ఎప్పుడు చూసినా సరిగ్గా మధ్యలో ఉండేది, నేనూ నిశ్చింతగా ఉండేవాణ్ని. గేజ్ పెట్టాక రెండూ పక్కపక్కన చూస్తే అసలు సంగతి తెలిసింది. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ 76 డిగ్రీల నుంచి 107 వరకు ఎక్కడున్నా ఆ ముల్లు కదలదు! చాలా కార్లలో దాన్ని కావాలనే అలా పెడతారు, చిన్న చిన్న మార్పులకు నడిపేవాళ్లు కంగారు పడకూడదని. కానీ పాత ఇంజిన్‌కి ఆ చిన్న మార్పులే ముఖ్యం. ముల్లు ఎర్ర గీత వైపు లేచేసరికి ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్‌కి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉండొచ్చు.

మొదటి రెండు నెలలు ఏమీ చేయలేదు, అంకెలు చూస్తూ పోయాను. హైవే మీద 88 నుంచి 92. ట్రాఫిక్‌లో ఆగితే 98కి చేరేది, ఫ్యాన్ తిరిగి 92కి దించేది. బండి నడుస్తుంటే కరెంటు 14.1 వోల్టులు. మీ బండికి ఏది మామూలో ముందు తెలియాలి, లేకపోతే తర్వాత ఏది తేడానో తెలియదు.

రెండో ఏడాది చలికాలంలో హైవే మీద 71 కనిపించింది. ఎత్తు ఎక్కుతుంటే 84, దిగుతుంటే మళ్లీ 70 లోపు. ముల్లు మాత్రం మధ్య నుంచి కాస్త కిందికి జరిగిందంతే. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. రేడియేటర్‌కి కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయింది. చల్లగా ఉంటే ఇంజిన్‌కి మంచిదేగా అనుకునేవాళ్లు ఉంటారు, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. నిజానికి ఇంజిన్ ఇంకా వేడెక్కలేదని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, కాలని పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతుంది. థర్మోస్టాట్ మార్పించాక మళ్లీ 90.

ఇక ఫ్యూయల్ ట్రిమ్. గేజ్‌లో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే, చాలామంది అసలు తెరవని పేజీ కూడా ఇదే. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ చెప్పినదాన్ని బట్టి కంప్యూటరు పెట్రోలును ఎంత పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో శాతంలో చూపిస్తుంది. సున్నాకి అటూ ఇటూ ఐదు లోపు ఉంటే హాయిగా ఉండొచ్చు. నాది ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు, ప్లస్ 15కి చేరింది. 2500 ఆర్‌పీఎంకి లేపితే 4కి దిగింది. ఐడిల్‌లో ఎక్కువ, రేసు ఇస్తే తక్కువ అంటే ఎక్కడో కంప్యూటరు లెక్కలోకి రాని దొంగగాలి లోపలికి వస్తోందన్నమాట. అదే పెట్రోలు పంపు బలహీనపడితే సాధారణంగా దీనికి తిరగబడి ఉంటుంది, లోడు పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. ఇది చెప్పేసరికి మెకానిక్ ఇంజెక్టర్ల జోలికి పోకుండా నేరుగా వ్యాక్యూమ్ గొట్టాలు తడిమాడు. ఒకటి మలుపు దగ్గర పగిలి ఉంది. వేలితో మూయగానే అంకె దిగడం ఇద్దరం చూశాం. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో లోపం కూడా అలాగే దొరికింది. రాత్రి లైట్లు, ఏసీ వేస్తే 12.8 వోల్టులకి పడేది. దారిలో ఆగిపోకముందే బ్రష్‌లు మార్పించాను. ఒక్క మాట: ఈ గేజ్ వోల్టేజీని సాకెట్ దగ్గర కొలుస్తుంది. బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టి చూస్తే నా బండిలో 0.2 తేడా వచ్చింది. ఎంత తేడానో ఒకసారి చూసి పెట్టుకోండి.

ఇబ్బందులు ఉన్నాయి. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకి కరెంటు ఎప్పుడూ ఉంటుంది, తాళం తీసినా సరే. మూడు వారాలు కదపకుండా వదిలేస్తే బ్యాటరీ దిగిపోయింది. ఇప్పుడు రెండు రోజులకు మించి ఆపితే వైరు పీకేస్తాను. పాత బండ్లలో డేటా లైను నెమ్మది, నాలుగు అంకెలు ఒకేసారి పెడితే ఒక్కొక్కటి మారడానికి సెకన్లు పడుతుంది. నేను రెండే పెడతాను. రాత్రి తెర వెలుగు కళ్లలో కొడుతుంది, బాగా తగ్గించుకోవాలి. మైలేజీ అంకెను, ట్యాంకు నిండా కొట్టించి రెండు మూడు సార్లు సరిచేస్తే తప్ప నమ్మలేం. కంప్యూటరు నమోదు చేసిన తప్పుల కోడ్‌లు చెరిపే బటన్ జోలికి తొందరపడి వెళ్లకండి, తప్పు జరిగిన క్షణంలో నమోదైన వివరాలు కూడా దాంతోపాటు పోతాయి. పొగ పరీక్షలో ఓబీడీని కూడా చూసే చోట ఇంకో చిక్కుంది. చెరిపాక కారు తన సొంత పరీక్షలన్నీ మళ్లీ పూర్తిచేసేదాకా పాస్ కాకపోవచ్చు.

ఆయిల్ ప్రెషర్ ఇందులో రాదు. నా బండి కంప్యూటరుకే అది తెలియదు, ఎర్ర లైటు వెలిగించే స్విచ్ ఒక్కటే ఉంది. ఇంకొకటి నేను భయంతో తెలుసుకున్నాను. పోయిన ఏడాది రేడియేటర్ కింది గొట్టం కారడం మొదలైంది. తెర మీద 95, నిలకడగా. అనుమానం వచ్చింది హీటర్ వల్ల, వేడిగాలి ఉన్నట్టుండి చల్లబడింది. పక్కకు ఆపి, పూర్తిగా చల్లారాక మూత తీస్తే రేడియేటర్ సగం ఖాళీ. సెన్సార్ తనను తాకుతున్న నీటి వేడినే చెప్పగలదు, నీళ్లు దిగిపోయి ఆవిరిలో మిగిలితే తప్పుడు అంకె చూపిస్తూ ఉండగలదు. అప్పటినుంచి వారానికొకసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బానెట్ ఎత్తి కూలెంటూ ఆయిలూ కళ్లతో చూసుకుంటున్నాను.