భీమిలి కాటేజీ, గేటు పక్కన కుళాయి

రెండేళ్లలో మూడుసార్లు దిగాం భీమిలిలోని ఈ కాటేజీలో. మూడుసార్లూ మా లక్కీ కోసమే. పదేళ్ల లాబ్రడార్, సముద్రం కనపడితే చాలు ఆగదు. కుక్కల్ని రానిస్తామని చెప్పి, తీరా వెళ్లాక వరండాలో కట్టేయమనే చోట్లు చాలా చూశాం. ఇక్కడ ఆ మాట రాలేదు. అంతకంటే నాకు నచ్చింది గేటు పక్కనున్న కుళాయి. కింద సిమెంటు చప్టా, పొడుగాటి పైపు, గోడకి ఓ కొక్కెం. గొలుసు ఆ కొక్కేనికి తగిలిస్తే రెండు చేతులతో తీరిగ్గా కడగొచ్చు. లాబ్రడార్‌కి బొచ్చు రెండు పొరలు. పైన ఆరినట్టే ఉంటుంది గానీ లోపలి మెత్తటి బొచ్చులో ఉప్పూ ఇసుకా ఉండిపోతాయి. కడగకపోతే రాత్రంతా గోక్కుంటూనే ఉంటుంది.

మొదటిసారి సంక్రాంతికి వెళ్లాం, రెండోసారి వానల్లో. పొద్దున్నే గోస్తనీ నది సముద్రంలో కలిసే వైపు నడిచి, వచ్చి కుళాయి కింద నిలబెడితే పది నిమిషాల్లో పని అయిపోయేది. ఆ సంబరంలో చుట్టాలందరికీ ఈ చోటు గురించి చెప్పేశాను.

మూడోసారి మే నెల. సాయంత్రం ఎప్పట్లాగే కడిగాం. రాత్రి రెండింటికి లేచి చూస్తే లక్కీ పొట్ట నాక్కుంటోంది, తొడల దగ్గర ఎర్రగా కందిపోయింది. షాంపూ పడలేదేమో అనుకున్నా. తెల్లారి బయటికొస్తే, ఆరిన చప్టా మీద నీళ్లు పారినమేరా తెల్లటి చారలు. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నా. ఉప్పు! పాపం దాన్ని ఉప్పునీళ్లలోంచి తెచ్చి మళ్లీ ఉప్పునీళ్లతోనే కడిగాం.

"వేసవిలో బోరు ఉప్పెక్కిపోద్దమ్మా," అన్నాడు వాచ్‌మన్. అతనే పరుగున వెళ్లి 20 లీటర్ల క్యాన్లు రెండు తెచ్చాడు. మా ఆయన పట్టుకుంటే నేను చెంబుతో పోశాను. తుడిచి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరబెట్టాక మధ్యాహ్నానికి గానీ అది నిద్రపోలేదు. కుక్కకని రోజుకి 500 అదనంగా తీసుకుంటారు, ఆ ఒక్క మాట ఓనరు ఫోన్‌లో చెప్పొచ్చు కదా! నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

రాజమండ్రి నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోతాం కాబట్టి మాకు ఇదే వీలు. చలికాలంలో అయితే మళ్లీ వెళ్తాం. జనవరి నుంచి మాత్రం గొలుసు వదలొద్దు, ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డున గుడ్లు పెట్టే కాలం. వెనక ప్రహరీ కూడా పొట్టిది. లక్కీ ముసలిది కాబట్టి మాకు టెన్షన్ లేదు గానీ, కుర్ర కుక్క అయితే దూకేస్తుంది.

డిసెంబరుకి గది అడగడానికి ఫోన్ చేసినప్పుడు, ముందు కుళాయి నీళ్లు నోట్లో పోసుకుని చూడమన్నాను వాచ్‌మన్‌ని. లైన్లో ఉండగానే వెళ్లి చూసొచ్చాడు. "తియ్యగానే ఉన్నాయమ్మా, తీసుకురండి దాన్ని," అన్నాడు.