జర్మన్ ఆఫీసర్ టోపీ: కైజర్ కాలానిదా, వేర్‌మాఖ్ట్‌దా, ఏది మేలు?

సేకరణలోకి కొత్తగా దిగినవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఒక మంచి టోపీకి సరిపడా డబ్బు కూడబెట్టాక 1918కి ముందరి కైజర్ (జర్మన్ చక్రవర్తి) సైన్యపు ఆఫీసర్ టోపీ తీసుకోవాలా, 1935–45 నాటి హిట్లర్ సైన్యం వేర్‌మాఖ్ట్‌ది తీసుకోవాలా? ఎక్కువమంది అందం, ధర, పేరు చూసి నిర్ణయించుకుంటారు. నా లెక్కలో అసలు విషయం వేరు: టోపీ మీదున్న బిళ్లలు, తాడు మొదటి నుంచీ ఆ టోపీవేనా అన్నది చేతిలో పట్టుకుని తేల్చుకోగలమా?

వేర్‌మాఖ్ట్ నేలసేన టోపీలతో చిక్కంతా ఇక్కడే. పూర్తిగా కొత్తగా కుట్టిన నకలును కొంత అలవాటయ్యాక పట్టుకోవచ్చు. పట్టుకోలేనిది సిపాయి టోపీకి ఇచ్చిన దొంగ ప్రమోషన్. సిపాయిలు, ఎన్‌సీఓలు (హవల్దార్ల లాంటివాళ్లు) సొంత డబ్బుతో కుట్టించుకున్న టోపీలు గుడ్డలోనూ పనితనంలోనూ ఆఫీసర్ల టోపీలకు తీసిపోవు. బూడిదాకుపచ్చ పైభాగం, ముదురు నీలాకుపచ్చ పట్టీ, మూడు వరుసల పైపింగ్ (అంచుల వెంట కుట్టే సన్నని రంగు గుడ్డ) అన్నీ రెండింటికీ ఒకటే. పైకి కనిపించే ప్రధానమైన తేడా ఒక్కటే: వైజర్ (నుదుటి మీది గట్టి అంచు) మీద సిపాయికి నల్ల తోలు పట్టీ, ఆఫీసర్‌కు 1935 నుంచి అల్యూమినియం జరీ తాడు. పక్కనుండే రెండు గుండీలు ఊడదీసి పట్టీ బదులు తాడు పెడితే చాలు, ధర ఎక్కడికో వెళ్తుంది. పైగా ఆ రోజుల్లోనే నిజంగా ప్రమోషన్ వచ్చినవాళ్లు కూడా ఇలాగే మార్చుకున్నారు కాబట్టి, మార్పు జరిగిందని తెలిసినా ఎప్పుడు జరిగిందో చెప్పలేని సందర్భాలుంటాయి.

అయినా చూడాల్సినవి ఉన్నాయి. గుండీల రంధ్రాలు రెండు రకాల టోపీల్లోనూ ఒకచోటే ఉంటాయి గనుక అవి ఏమీ చెప్పవు. తాడును మెల్లగా పైకెత్తి దాని కింద గుడ్డ చూడండి. ఏళ్ల తరబడి తాడు ఉన్నచోట గుడ్డ రంగు వెలవకుండా, రెండు పేటల ఆకారంలో నొక్కుకుని ఉండాలి. ఒకే వెడల్పాటి గీత ఉంటే అక్కడ తోలు పట్టీ ఉండేదన్నమాట. తర్వాత స్వెట్‌బ్యాండ్‌ను (లోపల నుదుటికి తగిలే పట్టీని) బయటికి మడిచి టార్చి వేయండి. స్వస్తికను పట్టుకున్న గద్ద, ఆకుల దండ బిళ్లల వెనక వంచిన లోహపు కాళ్లు లోపలి అట్టమీద ముద్ర వేసి ఉండాలి. ముద్ర ఒకచోట, కాలు మరోచోట ఉంటే బిళ్ల మార్చినట్టే. ఖాళీ చీలికలు కనిపించినా అంతే.

పైపింగ్ రంగు ఇంకో ఉచ్చు. కాలాళ్ల తెలుపు దండిగా దొరుకుతుంది, ట్యాంకు దళాల గులాబీకి గిరాకీ ఎక్కువ. ఎండకు వెలిసిన ఫిరంగి దళపు ఎరుపును గులాబీగా అమ్మజూస్తారు. తాడు కింద, బిళ్లల కింద దాక్కున్న పైపింగ్ అసలు రంగు చెబుతుంది.

అతినీల లోహిత లైటును చాలామంది అతిగా నమ్ముతారు. దారం తెల్లగా మెరిస్తే అనుమానించాల్సిందే, ఎందుకంటే ఆ మెరుపునిచ్చే రసాయనాలు యుద్ధం తర్వాతే విస్తారంగా వాడకంలోకి వచ్చాయి. కానీ ఈమధ్య ఎవరో డిటర్జెంట్‌తో తుడిచిన అసలు టోపీ కూడా మెరుస్తుంది. మెరవనంత మాత్రాన అసలుదేనని కూడా చెప్పలేం. లేబుల్ మీద భరోసా ఇంకా తక్కువ. బెర్లిన్‌లోని రాబర్ట్ లూబ్‌స్టైన్ వారి ఎరెల్, పీటర్ క్యూపర్ వారి పెక్యూరో టోపీల తయారీలో పెద్ద పేర్లే. అందుకే నకళ్ల మీద ముందుగా కనిపించేవీ అవే.

ఇక కైజర్ టోపీ. దీనికి గద్దా లేదు, జరీ తాడూ లేదు. పైన రైఖ్ (జర్మన్ సామ్రాజ్యపు) కొకేడ్ అనే గుండ్రటి రంగుల బిళ్ల, పట్టీ మీద రాష్ట్రపు కొకేడ్, అంతే. నలుపు–తెలుపు–ఎరుపు రైఖ్ కొకేడ్ 1897లో వచ్చింది, కనుక పైన దాని తాలూకు రంధ్రమే లేని టోపీ అంతకు ముందుదై ఉండొచ్చు. కింది కొకేడ్ నలుపు–తెలుపు–నలుపైతే ప్రష్యా, తెలుపు–నీలం–తెలుపైతే బవేరియా, తెలుపు–ఆకుపచ్చ–తెలుపైతే సాక్సొనీ, నలుపు–ఎరుపు–నలుపైతే వ్యుర్టెంబర్గ్. ముదురు నీలం పైభాగానికి ఎర్ర పట్టీ ఉంటే ప్రష్యా కాలాళ్లు, నల్ల పట్టీకి ఎర్ర పైపింగ్ ఉంటే ఫిరంగి దళం. 1910లో ఫీల్డ్‌గ్రే (బూడిదాకుపచ్చ) దుస్తులొచ్చాక పైభాగం రంగు మారింది. ఇంత చదువు ఒక టోపీ మీదే దొరకడం నాకు చాలా ఇష్టం. రెజిమెంట్ సంఖ్య మాత్రం టోపీ చెప్పదు, చెబుతుందన్న అమ్మకందారును నమ్మకండి.

దొంగ ప్రమోషన్ ఇక్కడా సాధ్యమే. ఆఫీసర్ కొకేడ్ మడతలు మడతలుగా తీర్చిన లోహంతో, వెండి వలయంతో ఉంటుంది, సిపాయిది రంగు పూసిన సాదా రేకు. కానీ వెండి నల్లబడుతుంది, వేర్‌మాఖ్ట్ తాడులోని అల్యూమినియం అలా నల్లబడదు. వందేళ్ల గుడ్డ మీద తళతళలాడే కొకేడ్ ఉంటే తేడా కంటికే తెలుస్తుంది. అసలు ప్రమాదం వేరేది: రెండు ప్రపంచ యుద్ధాల మధ్య మాజీ సైనికుల సంఘాలవాళ్లు పెట్టుకున్న టోపీలు, నాటక కంపెనీల టోపీలు, అటవీ, రైల్వే ఉద్యోగుల టోపీలు. వీటిని కుట్టు, పట్టీ రంగుల పొందిక, రంధ్రాల స్థానం చూసి ఏరేయొచ్చు. అందుకే నా ఓటు కైజర్ కాలానికే.

చట్టం సంగతి కూడా ఉంది. జర్మనీలో చదువుకో ఉద్యోగానికో ఉన్న మనవాళ్లు పాత సామాన్ల సంతలో వేర్‌మాఖ్ట్ టోపీ కొంటే, స్వస్తిక మీద అంటించిన స్టికర్‌ను అలాగే ఉంచి తీసుకెళ్లండి. జర్మన్ శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ ఆ చిహ్నాన్ని బహిరంగంగా ప్రదర్శించడాన్ని నేరంగా చూస్తుంది. చరిత్ర, బోధన, పరిశోధనలకు మినహాయింపు ఉంది గానీ, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే ఫొటో దానికిందికి వస్తుందని అనుకోవద్దు. లక్షల హత్యలు చేసిన పాలన గుర్తు అది, ఇంట్లో అలంకారంగా పెట్టుకునే వస్తువు కాదు. కైజర్ టోపీకి ఈ బాధ లేదు.

నిల్వలో మాత్రం రెండూ సుకుమారమే. వల్కన్‌ఫైబర్ (గట్టిపరచిన కాగితపు పదార్థం) వైజర్ తేమ పీల్చి వంకర తిరుగుతుంది, తోలు వైజర్ లక్క పగుళ్లిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమ 50 శాతం దగ్గర నిలిచేలా చూసుకోవాలి. ఆమ్లంలేని టిష్యూ కాగితం లోపల కూరి పెట్టండి, ప్లాస్టిక్ సంచి వద్దు. కలరా ఉండలు సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌ను పాడుచేస్తాయి, లేబుల్ మీది పారదర్శక ముక్క ఉన్న టోపీ దగ్గరికి వాటిని రానీయకండి.

తూర్పు జర్మనీ సైన్యమైన ఎన్‌వీఏ టోపీలు 1990లో ఆ సైన్యం రద్దయ్యాక గుట్టలుగా బయటికొచ్చాయి. చవక, కుట్టు నేర్చుకోవడానికి ఒకటి కొనుక్కోవచ్చు. ఇప్పటి జర్మన్ సైన్యమైన బుండెస్‌వేర్ టోపీలూ నేర్చుకోవడానికి అలాగే పనికొస్తాయి.

కొనేముందు అమ్మకందారును అయిదు ఫొటోలు అడగండి: ముందువైపు, వైజర్ అడుగు, లైనింగ్, మడిచిన స్వెట్‌బ్యాండ్ వెనక, కొకేడ్ లేదా తాడు దగ్గరగా. స్వెట్‌బ్యాండ్ వెనక ఫొటో ఇవ్వననేవారి దగ్గర కొనకండి.